తుమ్ములతో సహా

మా నాగులవంక మున్సిపల్ ఆఫీసులో ఏ పనైనా సాయంత్రం అయిదు గంటలలోపే అయిపోవాలి. పైనుంచి వచ్చే ప్రతి ఉత్తరంలోనూ చివరి వాక్యం అదే. ఉత్తరం మాత్రం మాకు మూడింటికో మూడున్నరకో చేరుతుంది. పదకొండేళ్ళుగా జూనియర్ అసిస్టెంటుగా ఉన్నాను కాబట్టి ఆ గంటన్నరలో నేను చేయని పని లేదు. ఊళ్ళో వీధికుక్కలెన్నో తేల్చాను. కిందటి వానాకాలం నాటిన మొక్కల్లో ఎన్ని బతికాయో, బతికినవాటిలో ఎన్ని ఉల్లాసంగా ఉన్నాయో రాసి పంపాను. పౌరుల సంతోష సూచీ కూడా నేనే కట్టాను. అది జిల్లాలో రెండోది వచ్చింది, కమిషనరుగారికి ప్రశంసాపత్రం ఇచ్చారు.

అందుకని, కిందటేడు ఫిబ్రవరిలో ఒక మంగళవారం 'ఊరికో కళ' అనే పథకం గురించి ఉత్తరం వచ్చినప్పుడు నేనేమీ కంగారు పడలేదు. ఆ పని కమిషనరుగారే చూసుకున్నారు.

"ప్రతి పురపాలక సంఘము తన పరిధిలో మాత్రమే సజీవముగా నుండి, అంతరించిపోవు దశలో నున్న ఒక కళారూపమును గుర్తించి, సాయంత్రం అయిదు గంటలలోగా పోర్టల్‌లో నమోదు చేయవలెను. చేయని యెడల సంబంధిత కమిషనరు వ్యక్తిగతముగా బాధ్యులగుదురు." ఆయన పైకి చదివి, కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. "మన ఊళ్ళో కళ ఏముందయ్యా శ్రీహరీ?"

"మిరపకాయలున్నాయి సార్."

"అది పంటయ్యా. తోలుబొమ్మలాట?"

"ఒక కుటుంబం ఉండేది సార్. ఇప్పుడు కుర్చీలు, షామియానాలు అద్దెకిస్తున్నారు."

"కోలాటం?"

"అది పక్క ఊళ్ళో కూడా ఉంది సార్. మనకొక్కరికే ఉండాలంట."

గడియారం నాలుగు దాటింది. ఆయన నన్ను ఎగాదిగా చూశారు. "అవునూ, నువ్వేదో వాయిస్తావంట కదా? శానిటరీ ఇన్‌స్పెక్టరు చెప్పాడు."

అక్కడ నేను అబద్ధం ఆడి ఉండాల్సింది. పదకొండేళ్ళలో ఆఫీసు కోసం అన్ని అబద్ధాలు రాసినవాణ్ణి, నా కోసం ఒక్కటి ఆడలేకపోయాను. ఆ రోజు తల్చుకుంటే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

నేను వాయించేది బేస్ గిటారు. మా బృందం పేరు 'ఘాటు'. మేం వాయించేదాన్ని ఆల్టర్నేటివ్ రాక్ అంటారని మాకు తెలుసు. ఊళ్ళో మాత్రం దాన్ని 'ఆ గోల' అంటారు. పాటలు కట్టేదీ పాడేదీ బత్తుల రూతు. డయాగ్నొస్టిక్ సెంటర్లో లాబ్ టెక్నీషియను, చర్చి క్వయర్లో గొంతు తయారైన మనిషి. లీడ్ గిటారు వీరబ్రహ్మానిది. మా ఊళ్ళో తలుపులూ కిటికీలూ చేసే వడ్రంగం వాళ్ళది, తన గిటారు తనే వేపచెక్కతో చేసుకున్నాడు. డ్రమ్స్ మస్తాన్ వలీ. అతను మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో కంప్రెసర్ ఆపరేటరు. అక్కడ మూడో నంబరు చాంబరు పాడై ఖాళీగా ఉంటే, ఓనరుని బతిమాలి దాన్ని మాకు ఇప్పించాడు. గోడలు మూరెడు మందం. లోపల ఎంత మోత మోగించినా బయటికి వినపడదు. బయట మిరపకాయల ఘాటు మాత్రం లోపలికి వస్తుంది, ఆ పేరు అలా వచ్చిందే.

ఏడేళ్ళలో మేం ఎక్కిన స్టేజీలు నాలుగు. ఇంజనీరింగ్ కాలేజీ వార్షికోత్సవంలో రెండో పాటకి మైకు కట్టేశారు. ఒక నిశ్చితార్థంలో పెళ్ళికొడుకు మేనమామ వచ్చి దండం పెట్టాడు, ఆపమని. ఒక పార్టీ సభలో నాయకుడు రావడం ఆలస్యమైతే వాయించమన్నారు, మేం మొదలెట్టగానే ఆయన వచ్చేశాడు. నాలుగోది చర్చిలో, అక్కడ మా పాటలు కాదు వాళ్ళ పాటలే వాయించాం. మావి మూడు పాటలు. ఎప్పటికీ రాని కరెంటు మీద ఒకటి, బస్సు ఆగని బస్టాండు మీద ఒకటి, 'మీరు డయల్ చేసిన నంబరు వాడుకలో లేదు' అనే ప్రేమపాట ఒకటి.

"ఎంతమంది వాయిస్తారయ్యా ఈ రకం సంగీతం, ఊళ్ళో?" కమిషనరుగారు అడిగారు.

"నలుగురం సార్."

"నలుగురేనా?" ఆయన ముఖం వెలిగింది. "అయితే అంతరించిపోతున్నట్టే కదా! వినేవాళ్ళు?"

"ముగ్గురు సార్. వాళ్ళలో ఒకరు రూతు వాళ్ళమ్మ."

"తల్లీ కూతుళ్ళు! అంటే రెండు తరాలు! ఇంకేం కావాలయ్యా, కొట్టు కొట్టు."

కొట్టాను. పోర్టల్‌లో కళారూపం పేరు ఇంగ్లీషులో ఒప్పుకోదు కాబట్టి కమిషనరుగారే 'శీతల గిడ్డంగి ఘాటు గానం' అని నామకరణం చేశారు. పుట్టిన శతాబ్దం అనే చోట పన్నెండు నుంచి పందొమ్మిది దాకా ఉన్నాయి, ఆ పైన లేవు. ఉన్నవాటిలో నిజానికి దగ్గరగా ఉందని పందొమ్మిది నొక్కాను. నాలుగు గంటల యాభై ఏడు నిమిషాలకి మా రాక్ బృందం వారసత్వ సంపద అయింది.

మర్నాడు చాంబర్లో విషయం చెప్పాను. మస్తాన్ నవ్వాడు, వీరబ్రహ్మం మురిసిపోయాడు. రూతు మాత్రం మైకు వైరు చుట్టచుడుతూ అడిగింది.

"దీని వల్ల మనకి స్టేజీ దొరుకుద్దా అన్నా?"

"దొరుకుతుందమ్మా. గవర్నమెంటు స్టేజీ."

"అయితే మంచిదే. నాలుగో పాట అయ్యేలోపు దొరికితే చాలు."

ఆ నాలుగో పాట గురించి మాకందరికీ తెలుసు. రూతు వాళ్ళమ్మ దీవెనమ్మ ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆ కోల్డ్ స్టోరేజీ ఆవరణలోనే మిరపకాయలు ఏరుతోంది. ఎర్రకాయల్లోంచి రంగు చెడిన తాలుకాయలు తీసి పక్కన పెట్టడం ఆమె పని. ఈమధ్య చూపు ఆనక తాలుకీ మంచికాయకీ తేడా తెలియడం లేదని, వచ్చే సీజను చివరిరోజుతో ముప్పై ఏళ్ళు నిండుతాయి, మానేస్తానని చెప్పేసింది. మా ఆఫీసులో అటెండరు రిటైరైనా దండ, శాలువా, గోడ గడియారం ఉంటాయి, అవన్నీ నేనే కొనుక్కొస్తాను. ఏరుడు కూలీకి ఏముంటుంది? మర్నాడు రానక్కర్లేదు, అంతే.

"మా అమ్మకి శాలువా కప్పేవోడు ఎవడూ లేడన్నా," అని రూతు ఒకసారి నాతో అంది. "అందుకని పాట కడతన్నా. ఆ రోజు ఆ వాకిట్లోనే పాడాల."

దీవెనమ్మకి ఆ సంగతి తెలుసు. వారానికోసారి ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకుని వచ్చి, మా మూడు పాటలూ విని, "నా పాట ఇంకా అవలా?" అని అడిగి పోయేది.

మార్చిలో పరిశీలక బృందం వచ్చింది. దాని పెద్ద డాక్టర్ చక్రపాణిగారు. జరీ అంచు పంచె, మెళ్ళో రెండు ఐడీ కార్డులు, మాటకి ముందొక కనుమూత. వెంట ముగ్గురు కెమెరావాళ్ళు. సరిగ్గా కాయ లోడింగు జోరుమీద ఉన్న రోజు వచ్చారు. కెమెరాలకి వెలుతురు కావాలని చాంబరు తలుపులు బార్లా తెరిపించారు. దాంతో వాకిట్లో ఉన్న ఘాటంతా లోపలికొచ్చింది.

రెండో పాటలో మస్తాన్ మూడుసార్లు తుమ్మాడు. వీరబ్రహ్మం గిటారుకి మూడో తీగ తెగింది, మిగతావాటితో లాక్కొచ్చాడు. నేనొక చోట తప్పు మెట్టు మీద వేలేసి "అయ్యో" అన్నాను. మూడో పాట సగంలో దీవెనమ్మ తలుపు దగ్గరకొచ్చి, "అన్నం తిన్నారా?" అని గట్టిగా అడిగింది. రూతు పాట ఆపి, "తర్వాత తింటాంలే అమ్మా," అని మళ్ళీ అందుకుంది.

అయిపోయాక నేను చేతులు కట్టుకుని, "సార్, ఇంకొక్కసారి వాయిస్తాం. ఈసారి బాగా వస్తుంది," అన్నాను.

చక్రపాణిగారు కళ్ళు మూసుకుని తెరిచారు. "నాయనా, బాగా రావడం మాకు ముఖ్యం కాదు. ఉన్నది ఉన్నట్టు రావడం ముఖ్యం. వచ్చింది."

రెండు నెలల తర్వాత 'ప్రమాణ ప్రతి' అనే పుస్తకం వచ్చింది. రెండువందల పన్నెండు పేజీలు, పైన మా ఫోటో. అందులో మాకు తెలియని మా సంగతులు చాలా ఉన్నాయి. మస్తాన్ తుమ్ములు 'క్షుతత్రయం'. ప్రయాణానికి ముందు తుమ్మితే అపశకునమని లోకం భయపడుతుంటే, ఈ కళాకారులు నడుమనే ముమ్మారు తుమ్మి అపశకునాన్ని ధిక్కరిస్తారట. వీరబ్రహ్మానిది 'ఛిన్నతంత్రీ వాదనం'. నా "అయ్యో"కి 'ఖేదోక్తి' అని పేరు పెట్టి, దాని మీద నాలుగు పేజీలు రాశారు. దీవెనమ్మది 'అన్నప్రశ్న', రూతుది 'వాయిదా సమాధానం'. పాత యాంప్లిఫయర్ చేసే గుయ్యిమనే చప్పుడు 'అఖండ నాదం'. పందొమ్మిదో శతాబ్దంలో కరెంటు లేకుండా దీన్ని ఎలా పలికించేవారో పరిశోధించవలసి ఉన్నదని అడుగున చిన్న అక్షరాల్లో ఉంది.

నిజం చెప్పొద్దూ, మాకు బాగానే ఉండింది. గుర్తింపు కార్డులు ఇచ్చారు. జిల్లా కేంద్రంలో పెద్ద హాలు ఇచ్చారు, నాలుగొందల మంది వచ్చారు. ఏడేళ్ళు గోల అన్నవాళ్ళే ఇప్పుడు "మన సంపదండీ" అనడం మొదలెట్టారు. ఆ నిశ్చితార్థంలో దండం పెట్టిన మేనమామ నా పక్కన నిలబడి సెల్ఫీ దిగాడు. కమిషనరుగారికి ఇంకో ప్రశంసాపత్రం వచ్చింది.

చిక్కు ఎక్కడ మొదలైందంటే, ఆ హాలు ఏసీది. తలుపులు బిగించేశారు. మస్తాన్‌కి తుమ్ము రాలేదు. వాయించడం అయ్యీ కాకముందే ప్రామాణికతా పర్యవేక్షకుడనే ఆయన స్టాప్‌వాచీ పట్టుకుని వచ్చాడు.

"రెండు నిమిషాల పద్నాలుగో సెకనులో క్షుతత్రయం పడలేదు."

"తుమ్ము రాలేదు సార్," అన్నాడు మస్తాన్.

"రాకపోవడానికి వీల్లేదు. అది కళలో అంతర్భాగం."

తర్వాతి ప్రదర్శన నుంచి మాకు ఒక డబ్బీ ఇచ్చారు, 'క్షుతద్రవ్యం' అని చీటీ అంటించి. లోపల మా ఊరి కారమే, సన్నగా జల్లించింది. మస్తాన్ పాట మొదలవగానే చిటికెడు పీల్చేవాడు. తుమ్ములు ఒకసారి మూడొచ్చేవి, ఒకసారి పదకొండు. మూడు కాక మిగిలిన ఎనిమిదింటికీ మెమో వచ్చేది. రెండు నెలల్లో అతని ముక్కు వాచిపోయింది. వీరబ్రహ్మం తన చేత్తో చేసుకున్న గిటారుకి ప్రతి ప్రదర్శనకీ ముందు మూడో తీగ తానే కత్తిరించుకునేవాడు. కత్తిరించేటప్పుడు అటు తిరిగి నిలబడేవాడు. నేను రాత్రీపగలూ సాధన చేసి ఆ తప్పు మెట్టు మీద వేలు తప్పకుండా పడేట్టు నేర్చుకున్నాను. సరైన మెట్టు ఏదో ఇప్పుడు నాకు గుర్తు లేదు.

ఇక దీవెనమ్మని కూడా కళాకారిణిగా ప్రకటించి ఐడీ కార్డు వేలాడదీశారు. అందులో హోదా 'ప్రశ్నకర్త' అని ఉంది. ప్రతిచోటికీ ఏరుడు మానుకుని రావాల్సి వచ్చింది. మంత్రిగారి కార్యక్రమం ఉదయం ఎనిమిదింటికి పెట్టారు. మూడో పాట సగంలో ఆమె స్టేజీ పక్కనుంచి వచ్చి, మమ్మల్ని చూసి, "టిఫిన్ చేశారా?" అని అడిగింది.

సభంతా చప్పట్లు కొట్టింది. సాయంత్రానికి సంజాయిషీ నోటీసు వచ్చింది. మున్సిపాలిటీ ద్వారా రావాలి కాబట్టి దాన్ని ఆమెకి అందించే పని నాకే పడింది.

"పొద్దుగాల ఎనిమిదింటికి అన్నం తిన్నారా అని ఎవరన్నా అడుగుతారా అబ్బాయ్?" అంది దీవెనమ్మ, కాయ ఏరుతూనే. "అడిగితే నన్ను పిచ్చిదనుకోరూ?"

"ప్రమాణ ప్రతిలో అన్నం అనే ఉంది పిన్నీ."

"ఆ రోజు మజ్జాన్నం గదయ్యా. నాకు నిజంగా తెలవక అడిగా. మీరు తిన్నారో లేదో అని. ఇప్పుడు నాకు తెలుసు గదా, మీరు తినలేదని. ఈ నోటీసు పంపినాయన్నే అడగమను."

ఆమె అన్నదే నేను ఆఫీసు తెలుగులోకి మార్చి, "వేళ విషయమై కలిగిన పొరపాటుకు చింతించుచున్నాను" అని రాశాను. ఆమె వేలిముద్ర వేసింది. వేలికున్న కారం వల్ల ఆ కాగితం తెరిచినప్పుడల్లా మా హెడ్ క్లర్కు తుమ్మేవాడు.

డిసెంబరులో రూతు పాట పూర్తయింది. మొదటిసారి చాంబర్లో మాకు వినిపించింది. అందులో ఈ మాటలుంటాయి:

*ముప్పైయేళ్ళు మంట మోసిన వేళ్ళు*
*నా జడ అల్లేటప్పుడు చల్లగా ఎట్టా ఉండేయమ్మా*

మస్తాన్ స్టిక్స్ కింద పెట్టేశాడు. ఏడేళ్ళ మా గోలలో అంత మంచి పాట లేదు, ఇంకోటి వస్తుందని నేననుకోను.

గుర్తింపు పొందిన కళాకారులు వాయించే ప్రతిదీ ముందుగా తెలియజేయాలని కార్డు వెనక రాసి ఉంది. అందుకని నేనూ రూతూ చక్రపాణిగారి ఆఫీసుకి వెళ్ళాం.

"నాలుగో పాటా?" ఆయన ఈసారి కళ్ళు మూసుకోవడం కూడా మర్చిపోయారు. "అమ్మా, మీ కళ పూర్తయిపోయింది. అందులో మూడు పాటలున్నాయి."

"నేను బతికే ఉన్నాగదా సార్. ఇంకా కడతా."

"మీరు బతికుండడం వేరు, కళ బతికుండడం వేరు. కళను కాపాడడం మా బాధ్యత. మార్పులు చేర్పుల నుంచీ, ముఖ్యంగా కళాకారుల నుంచీ." ఆయన ఒక కాగితం బయటికి తీశారు. "అయినా మార్గం లేకపోలేదు. మీ దరఖాస్తు ప్రకారం ఇది పందొమ్మిదో శతాబ్దపు కళ. కాబట్టి కొత్త పాటకు కనీసం వంద సంవత్సరాలు నిండినట్టు ధ్రువపత్రం జతచేస్తే, హైపవర్ కమిటీ పరిశీలిస్తుంది."

రూతు నా వైపు చూసింది. పందొమ్మిది నొక్కిన వేలు నాదే. నేను చెప్పుల వైపు చూసుకున్నాను.

"అనుమతి లేకుండా పాడితే ఏమవుద్ది సార్?"

"కల్తీ అవుతుంది," అన్నారాయన. "కల్తీకి కేసు ఉంటుంది. ఈయన ప్రభుత్వోద్యోగి కూడానూ."

బస్సులో రూతు కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నాగులవంక వచ్చాక ఒక్క మాట అంది. "నీ మీద కోపం లేదన్నా. నీ ఉద్యోగం పోయేట్టు మా అమ్మకి పాట వద్దు." కోపం ఉందని అంటే నాకింత బాధ ఉండేది కాదు.

ఈలోగా ప్రభుత్వం ఆ కళ నలుగురితో ఆగిపోకూడదని జిల్లా కేంద్రంలో శిక్షణాలయం పెట్టింది. మొదటి బ్యాచిలో అరవై మంది. ఆర్నెల్ల డిప్లొమా, తుమ్ముకి వేరే పేపరు. ఒకసారి చూసి రమ్మని కమిషనరుగారు పంపితే వెళ్ళాను. హాలు నిండా కుర్రాళ్ళు, రెండు నిమిషాల పద్నాలుగో సెకనుకి అరవై మందీ ఒక్కసారి తుమ్మారు. తర్వాత అరవై మందీ ఒక్కసారి "అయ్యో" అన్నారు. అది నా గొంతే. నేను కూడా అంత బాగా అనలేను.

మార్చిలో వార్షిక ప్రామాణికతా పరీక్ష పెట్టారు. గుర్తింపు కొనసాగాలంటే అందరూ రాయాల్సిందే, మేం కూడా. మా వాయింపుని యంత్రం ప్రమాణ ప్రతి రికార్డింగుతో పోల్చి మార్కులిస్తుంది. శిక్షణాలయం బృందానికి వందకి తొంభై ఆరు వచ్చాయి. మాకు నలభై ఒకటి.

"నా తుమ్ముకి సున్నా ఏంది సార్?" మస్తాన్ ముక్కు తుడుచుకుంటూ అడిగాడు. "ఆ టేపులో తుమ్మింది నేనే గదా!"

"కావచ్చు," అన్నారు చక్రపాణిగారు. "మీరే మూలం కావచ్చు. కానీ మీరిప్పుడు మూలానికి దగ్గరగా లేరు. ఆ కుర్రవాళ్ళున్నారు."

"నాకూ తగ్గాయేం సార్?" వీరబ్రహ్మం అడిగాడు.

"మూడో తీగ ప్రమాణ ప్రతిలో తెగింది. మీరు కత్తిరిస్తున్నారు. తెగడానికీ కత్తిరించడానికీ తేడా యంత్రం పట్టేస్తుంది. వాళ్ళు తెగేట్టు బిగించడం నేర్చుకున్నారు."

ఏప్రిల్ మొదటివారంలో ఉత్తర్వు వచ్చింది. 'ఘాటు' అనే పేరు, కార్డులు, స్టేజీ శిక్షణాలయం బృందానివి. "పరీక్షలో అనర్హులైన నాగులవంక నివాసులు నలుగురూ, ప్రశ్నకర్తగా వ్యవహరించిన వ్యక్తియు, ప్రమాణ ప్రతిలోని మూడు పాటలను, తుమ్ములతో సహా, ఇకపై ఎక్కడను ప్రదర్శించరాదు. ప్రదర్శించిన యెడల నకిలీ కళాకారులుగా పరిగణింపబడుదురు." ఆ నోటీసు టైపు చేసింది నేను. నాకు నేనే అందజేసుకుని, అందినట్టు సంతకం పెట్టి, ఆ సంతకం నాదేనని ధ్రువీకరించి ఫైల్లో పెట్టాను.

సాయంత్రం చాంబర్లో దాన్ని చదివి వినిపించాను. నాగులవంక 'ఘాటు' చరిత్ర అక్కడితో అయిపోయిందనుకున్నాను.

"అయితే నేను ఇక తుమ్మగూడదా?" అన్నాడు మస్తాన్.

"ఇంట్లో తుమ్ముకోవచ్చు."

రూతు లేచి నిలబడింది. "అన్నా, నోటీసు ఇంకోసారి చదువు. ఎన్ని పాటలు పాడగూడదు?"

"ప్రమాణ ప్రతిలోని మూడు."

"నాలుగోది?"

నేను నోటీసుని ముందూ వెనకా తిప్పి చూశాను. నాలుగో పాట గురించి ఎక్కడా లేదు. ఉండే వీలు కూడా లేదు, వాళ్ళ లెక్కలో ఆ పాట పుట్టనే లేదు. మేం ఇప్పుడు ఏ కళకీ చెందినవాళ్ళం కాదు. చెందనప్పుడు కల్తీ చేసే ప్రశ్నే లేదు. పదకొండేళ్ళ సర్వీసులో అంత బాగా రాసిన ఉత్తర్వు నేను చూడలేదు.

సీజను చివరిరోజు ఏప్రిల్ ఇరవై తొమ్మిదిన వచ్చింది. మధ్యాహ్నం భోజనాల వేళ, ఏరుడు కూలీలు నలభై మంది దాకా రేకుల షెడ్డు కింద చేరారు. దీవెనమ్మ తన వాటా గోతాం ఖాళీ చేసి, తాలుకాయలు కుప్పపెట్టి, చేతులు దులుపుకుని వచ్చి కూర్చుంది. స్టేజీ లేదు. ఖాళీ గోతాలు పరిచి వాటిమీద నిలబడ్డాం. వీరబ్రహ్మం గిటారుకి ఆరు తీగలూ ఉన్నాయి. నేను ఆఫీసుకి సగం రోజు సెలవు పెట్టి వచ్చాను.

రూతు మొదలెట్టింది. ముక్కులకి తువ్వాళ్ళు కట్టుకున్న నలభై మందీ కదలకుండా విన్నారు. దీవెనమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని, వాటిని మొదటిసారి చూస్తున్నట్టు చూసుకుంటోంది. జడ అల్లే చరణం దగ్గరకి వచ్చేసరికి నా జేబులో ఫోను మోగింది. ఆగి మళ్ళీ మోగింది. కమిషనరుగారు. ఒక చేత్తో బేస్ పట్టుకుని, పక్కకి జరిగి ఎత్తాను.

"శ్రీహరీ, ఎక్కడ చచ్చావయ్యా? 'ఊరికో కళ' రెండో విడత ఉత్తరం ఇవాళ మధ్యాహ్నానికే వచ్చింది. మొదటిది శిక్షణాలయానికి పోయింది కాబట్టి ఇంకో కళ చూపించాలంట, అయిదు గంటలలోపు. మన ఊళ్ళో కొత్తగా ఏమన్నా పుట్టిందా?"

నా వెనక రూతు గొంతు ఎత్తుకుంది. వేళ్ళు, మంట, జడ.

"లేదు సార్," అన్నాను.

"ఏదో వినపడుతోందే?"

"కంప్రెసర్ సార్. పాతది కదా, మోత చేస్తుంది."

"పాటలాగా ఉంది."

"అట్లాగే అనిపిస్తుంది సార్. మన ఊళ్ళో ఏ కళా లేదు. నేను పూచీ. శూన్యం అని పంపించేయండి."

ఆయన వెంటనే ఫోను పెట్టేయలేదు. ఫోన్లో మా పాటే వినపడి ఉంటుంది. "సరే," అన్నారు చివరికి, మెల్లగా. "కంప్రెసర్ జాగ్రత్తగా చూసుకోమను."

నేను వెనక్కి వచ్చేసరికి పాట చివరికి వచ్చింది. ఒక చరణమంతా నా బేస్ లేకుండానే పోయింది, ఎవరూ పట్టించుకోలేదు. అయిపోయాక చప్పట్లు కొట్టాలని ఎవరికీ తోచలేదు. దీవెనమ్మ చెంగుతో కళ్ళు ఒత్తుకోబోయి, చేతికి కారం ఉందని గుర్తొచ్చి ఆగింది. రూతు వంగి తన ఓణీతో ఆమె కళ్ళు తుడిచింది.

దీవెనమ్మ మా నలుగురినీ ఒక్కొక్కరిగా చూసింది. ఏడాది నుంచీ హాళ్ళలో, మంత్రుల ముందు, స్టాప్‌వాచీ చూసి అడిగిన మాట ఇప్పుడు మళ్ళీ అడిగింది. ఈసారి నిజంగా తెలియక అడిగింది.

"అన్నం తిన్నారా?"

రూతు నోరు తెరిచింది. ఆ జవాబు మా అందరికీ కంఠతా వచ్చు.

"లేదమ్మా," అంది రూతు. "పెట్టు."

ఆమె కారియరు విప్పింది. గోతాలమీదే కూర్చుని తిన్నాం.